పర్లాకిమిడిలో ఇల్లు, టెక్కలి పక్కన పొలం: వీలునామానా, ట్రస్టా?

ఇల్లు ఒడిశాలో, రెండెకరాల పల్లం ఆంధ్రలో. పిల్లలిద్దరిలో ఒకరికి మానసిక వైకల్యం, తర్జనభర్జనంతా అందుకే.

వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. స్టాంపు ఖర్చుండదు, రిజిస్ట్రేషన్ మన ఇష్టం, బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చిక్కల్లా తర్వాతే: ఆస్తి ఆ బిడ్డ పేరున వస్తుంది సరే, కౌలు వసూలు చేసి మందులు కొనేదెవరు?

1882 నాటి భారత ట్రస్టుల చట్టం కింద బతికుండగానే ప్రైవేటు ట్రస్టు పెడితే ఆ పని ట్రస్టీది, అంటే బిడ్డ తరఫున ఆస్తి చూసుకునే మనిషిది. కానీ స్థిరాస్తి కనుక రిజిస్టరు దస్తావేజు తప్పదు. ట్రస్టును రద్దు చేసే హక్కు అట్టేపెట్టుకుంటే ఆదాయపన్ను రాసినవారి నెత్తినే.

రెండు రాష్ట్రాల ఆస్తికి ఒకే దస్తావేజు సరిపోతుందా? స్టాంపు డ్యూటీ ఎక్కడెంత? వీలునామాలోనే, మరణానంతరం మొదలయ్యేలా ట్రస్టు రాయడం మేలేమో అనిపిస్తోంది. అలా చేసినవాళ్లున్నారా? తెలుగు వీలునామాకు పర్లాకిమిడి తహసీలులో మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) అప్పుడు ఒడియా అనువాదం అడిగారా?