ట్రావెల్ ట్రైలర్: కుడివైపు వెనక టైరు లోపలి అంచు అరిగిపోయింది, తిప్పినప్పుడు కింద చప్పుడు

డెంటన్ కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు లాంటి బండి), 2019 మోడల్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. రెండు యాక్సిళ్లు (ఇరుసులు), ఒక్కోటి 3,500 పౌండ్లది, లీఫ్ స్ప్రింగులు.

వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని కొలరాడో వెళ్లొచ్చాం. ఇంటికొచ్చాక కడుగుతుంటే కుడివైపు వెనక టైరు లోపలి అంచు లోపలి తీగ కనపడేంతగా అరిగిపోయి ఉంది. క్యాంప్‌గ్రౌండ్‌లో రివర్స్ చేస్తూ బాగా తిప్పినప్పుడు కిర్రుమని, వెంటనే దభీమని చప్పుడు కూడా వచ్చేది. కుడివైపు రెండు టైర్ల మధ్య సందు ఎడమవైపు కంటే కాస్త ఎక్కువగా అనిపిస్తోంది.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కింద దూరి చూడకుండానే టైరు మార్చుకోమన్నారు. కొత్తది వేసినా అదీ ఇలాగే పోతుందని నా అనుమానం. పిల్లలతో హైవే మీద టైరు పేలితే అన్న టెన్షన్ పట్టుకుంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఆటోనగర్ అబ్బాయి

తమ్ముడూ, నీ అనుమానం కరెక్టే. ఇది టైరు జబ్బు కాదు.

మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాన్ కట్టల పని, అంటే నువ్వన్న లీఫ్ స్ప్రింగులే. ట్రైలర్ కింద ఉండేవీ అవే కమాన్ పట్టీలు, సైజు చిన్నవంతే. ఒక్కో పక్కన రెండు కట్టలు ఉంటాయి. వాటి మధ్యలో ఈక్వలైజర్ అని ఒక ముక్క అటూ ఇటూ ఊగుతూ బరువుని రెండు చక్రాలకీ పంచుతుంది. ఈక్వలైజర్‌కీ కట్టకీ మధ్య వాటిని కలుపుతూ ఊగే షాకిల్ ప్లేట్లు. కట్ట చివర బోల్టు దూరే గుండ్రటి చుట్టని చెవి అంటాం. ముందు కట్ట ముందు చెవి, వెనక కట్ట వెనక చెవి మాత్రం నేరుగా ఫ్రేముకి వెల్డ్ చేసిన హ్యాంగర్‌లో బోల్టుతో బిగించి ఉంటాయి. అంటే నీ వెనక యాక్సిల్‌ని దాని చోటులో నిలబెట్టేది ఆ వెనక హ్యాంగర్ బోల్టే.

ఆ చెవుల్లో కంపెనీ నుంచి వచ్చేవి చాలా బండ్లలో పల్చటి నైలాన్ బుష్‌లు, బోల్టు చుట్టూ ఉండే తొడుగులు. అది నలిగి రాలిపోయాక ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. ముందు బోల్టు మీద గాడి పడుతుంది, తర్వాత హ్యాంగర్ చిల్లు కోలగా సాగుతుంది. నువ్వు విన్న కిర్రు అదే అయ్యుంటుంది. దభీమన్నది మెలిక తిప్పినప్పుడు ఒత్తిడికి ఈక్వలైజర్ ఒక్కసారిగా కదలడం వల్ల కావచ్చు.

చూసే పద్ధతి: ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే ఉంచు, రెండో పక్క చక్రాలకి అడ్డం పెట్టు. జాకీ యాక్సిల్ గొట్టం కింద పెట్టొద్దు, వంగిపోతుంది. ఫ్రేము కింద పెట్టి లేపి, జాక్ స్టాండ్ల మీద నిలబెట్టు. చక్రాన్ని రెండు చేతులతో ముందుకీ వెనక్కీ ఊపుతూ ఇంకొకరిని చెవి దగ్గర చూడమను. బోల్టు చిల్లులో కదులుతుంటే ఇంక సందేహం అక్కర్లేదు.

హ్యూస్టన్ కావ్య

అన్నయ్య చెప్పిన దానికి ముందు ఒక పని చేయండి, దీనికి జాకీ కూడా అక్కర్లేదు. ఎడమవైపు వెనక టైరు మీద చెయ్యి పెట్టి చూడండి. దాని *బయటి* అంచు అరుగుతుంటే వెనక యాక్సిల్ మొత్తం ఏటవాలుగా తిరిగిందని అర్థం. దానిదీ లోపలి అంచే పోతుంటే బరువు ఎక్కువై యాక్సిల్ గొట్టం వంగి ఉండొచ్చు. ఆ గొట్టాన్ని ఫ్యాక్టరీలోనే మధ్యలో కాస్త పైకి వంపుతో చేస్తారు, ఓవర్‌లోడ్‌తో ఆ వంపు పోతుంది. ఎడమది శుభ్రంగా ఉంటే ఆ ఒక్క చక్రం స్పిండిలే (యాక్సిల్ చివర చక్రం తిరిగే కడ్డీ) వంగిందేమో చూడాలి, గుంతలో గట్టిగా పడితే అలా అవుతుంది.

తర్వాత టేపు పట్టుకోండి. ముందు చక్రం హబ్ మధ్య నుంచి వెనక చక్రం హబ్ మధ్యకి రెండు పక్కలా కొలవండి. తేడా 1/16 అంగుళం మించకూడదు. అలాగే ముందు కప్లర్ (ట్రక్కుకి తగిలించే చోటు) నుంచి ముందు యాక్సిల్ రెండు చివర్లకీ కొలిస్తే తేడా 1/8 అంగుళం లోపు ఉండాలి.

బరువు కూడా తూకం వేయించండి. హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే బండ్ల కాటా దొరుకుతుంది. సామాను, నీళ్లు నింపి, మామూలుగా వెళ్లేటట్టే వెళ్లాలి. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే 330 పౌండ్లు దాటుతుంది. దాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు.

మా ఇంట్లో వాళ్లం ఫ్లోరిడా వెళ్లినప్పుడు లూసియానాలో ఐ-10 మీద అట్చాఫలాయా వంతెన దాటాం. దాదాపు 18 మైళ్లు, కాంక్రీటు అతుకుల మీద ట్రైలర్ ఆగకుండా ఎగిరెగిరి పడింది. అప్పుడే మా కమాన్ పట్టీ ఒకటి సెంటర్ బోల్టు దగ్గర పగిలింది. దిగి చూస్తే యాక్సిల్ వెనక్కి జరిగి టైరుకీ దాని పైన రేకుకీ మధ్య వేలు కూడా దూరడం లేదు. అందుకే ఎవరైనా "ఒక్క టైరే కదా" అంటే నాకు భయం.

డెంటన్ కుర్రాడు

చాలా థాంక్స్ కావ్య గారూ, అన్నా. ఈ శనివారం చూశాను.

ఎడమవైపు వెనక టైరు బయటి అంచు నిజంగానే రంపంలా గరుకుగా ఉంది. హబ్ నుంచి హబ్‌కి ఎడమవైపు 33 అంగుళాలు, కుడివైపు 33 మీద 3/8. కప్లర్ నుంచి కొలిస్తే ముందు యాక్సిల్ సరిగ్గానే ఉంది. కుడివైపు వెనక హ్యాంగర్ బోల్టు తీస్తే బుష్ స్థానంలో నల్లటి పొడి రాలింది. బోల్టు మధ్యలో సగానికి సగం తినేసి ఉంది. హ్యాంగర్ చిల్లు వెనక వైపుకి సాగింది.

కంచు బుష్‌లు, గ్రీజు పట్టే బోల్టులు ఉన్న కిట్ చూశాను. అదేస్తే చాలా? షాక్ అబ్జార్బర్లు కూడా పెట్టించాలా?

ఆటోనగర్ అబ్బాయి

కిట్ మంచిదే, కానీ సాగిన చిల్లులో కొత్త బోల్టు వేసి ఉపయోగం లేదు. ముందు హ్యాంగర్ మార్పించు, లేదా చిల్లు సరిచేసి మందపాటి ప్లేటు వెల్డ్ చేయించు. హ్యాంగర్ ఫ్రేముకి అతికిన చోట తుప్పు గీత లాంటిది కనిపిస్తే వైర్ బ్రష్‌తో రుద్ది చూడు, వెల్డింగ్ చీలిక ఉండొచ్చు.

కిట్ వేసేటప్పుడు కుడివైపు ఒక్కటే కాకుండా అన్ని చెవులకీ వేసెయ్. మిగతా బుష్‌లదీ అదే వయసు. ఆ బోల్టుల తల కింద గీతలు గీతలుగా పళ్లుంటాయి. అవి షాకిల్ ప్లేటులో గట్టిగా కూర్చోవాలి, కాబట్టి తలని తిప్పొద్దు, నట్టు మాత్రమే తిప్పు. తల తిరిగితే పళ్లు అరిగి బోల్టే చిల్లులో తిరగడం మొదలుపెడుతుంది. షాకిల్ నట్లు 30 నుంచి 50 ఫుట్ పౌండ్లు చాలు, అతిగా బిగిస్తే ఆ కీలు ఊగదు. గ్రీజు బయటికొచ్చే చిల్లు పక్కకి చూసేలా పెట్టు. పైకో కిందకో ఉంటే బరువు దాన్నే నొక్కి మూసేస్తుంది, గన్నుతో ఎంత కొట్టినా గ్రీజు పోదు.

యాక్సిల్‌ని కట్టకి పట్టి ఉంచే యూ బోల్టులు విప్పితే పాతవి మళ్లీ వాడకు, కొత్తవి వెయ్. అర అంగుళంవైతే 45 నుంచి 70 ఫుట్ పౌండ్లు.

ఒహాయో బాబాయ్

షాక్ అబ్జార్బర్ల సంగతి నేను చెబుతాను. చాలా ట్రావెల్ ట్రైలర్లకి అసలు అవి ఉండవు, పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకునే ఒరిపిడే ఎగురుడుని అదుపు చేస్తుంది. పెట్టిస్తే లోపలి సామానుకి మంచిదే. కానీ యాక్సిల్ తిన్నగా కూర్చోకుండా వాటి మీద డబ్బు పెట్టొద్దు నాన్నా. రబ్బరు ఉన్న ఈక్వలైజర్లూ అంతే, ఏటవాలు యాక్సిల్‌ని అవి సరిచేయవు.

ఈ చర్చ చదివే వాళ్లలో టోర్షన్ యాక్సిల్ ఉన్నవాళ్లకి ఇందులో సగం వర్తించదు. అందులో కమాన్ కట్ట, బుష్ ఏవీ ఉండవు. గొట్టంలో రబ్బరు కడ్డీలే స్ప్రింగు. మా పాత ట్రైలర్‌ది అదే. దాని వయసు తెలియాలంటే చక్రాన్ని పట్టుకున్న చెయ్యి ఏ కోణంలో ఉందో చూడాలి. చాలావాటిలో కొత్తలో అది కిందకి వాలి ఉంటుంది. అలాంటిది ఖాళీ బండిలోనే నేలకి సమాంతరంగానో పైకో చూస్తుంటే రబ్బరు చచ్చిపోయిందని లెక్క. రిపేరు ఉండదు, యాక్సిల్ మొత్తం మార్చాల్సిందే.

డెంటన్ కుర్రాడు

అర్థమైంది బాబాయ్. హ్యాంగర్ పనికి లారీల వెల్డింగ్ షాపు ఒకటి ఒప్పుకుంది, ఆ తర్వాత వాళ్లే అలైన్‌మెంట్ చూస్తామన్నారు. రెండు వెనక టైర్లూ ఆఖర్న మారుస్తాను. వెల్డింగ్ రోజు నేను చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

హ్యూస్టన్ కావ్య

ట్రైలర్ టైర్లే తీసుకోండి, సైజు ముందు ఎస్టీ అని ఉంటుంది. టైరు పక్క గోడ మీద ఉండే డాట్ నంబరులో చివరి నాలుగు అంకెలు ఏ వారం, ఏ సంవత్సరంలో తయారైందో చెబుతాయి. షాపులో ఎప్పట్నుంచో పడి ఉన్నది అంటగడితే వద్దనండి. చక్రాల నట్లు 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి మళ్లీ టార్క్ రెంచితో చూసుకోవాలి.

ఆటోనగర్ అబ్బాయి

వెల్డింగ్‌కి ముందు ట్రక్కు ప్లగ్గు, ట్రైలర్ బ్యాటరీ వైర్లు రెండూ పీకేయించు. ఎర్త్ క్లిప్పు వెల్డ్ చేసే చోటికి దగ్గర్లోనే ఫ్రేముకి పెట్టమను, యాక్సిల్‌కి పెడితే కరెంటు బేరింగుల్లోంచి పోయి వాటిని పాడు చేస్తుంది. బ్రేకు వైర్లు యాక్సిల్ వెంబడే వెళ్తాయి, హ్యాంగర్ దగ్గరున్న వాటిని ముందే పక్కకి కట్టేయ్. హ్యాంగర్‌కి సరిగ్గా పైన ట్రైలర్ నేల అడుగున ప్లాస్టిక్ షీటూ లోపల ఇన్సులేషనూ ఉంటాయి, నిప్పురవ్వ పడితే అంటుకుంటాయి. నువ్వే నీళ్ల గొట్టం పట్టుకుని పక్కన నిలబడు. పని అయ్యాక కూడా ఒక గంట ఆగి, చేత్తో తడిమి చూశాకే బండి తియ్.