ఫ్రాన్సిస్‌ను మార్చింది పొలాలా, కుష్ఠురోగులా? జెఫిరెల్లి సినిమా మీద చర్చ

పాతప్రతి:
ఫ్రాంకో జెఫిరెల్లి 1972లో తీసిన ‘బ్రదర్ సన్, సిస్టర్ మూన్’ సినిమా ఇటలీలోని అస్సీసికి చెందిన పునీత ఫ్రాన్సిస్ మనసు మారిన కథ. యుద్ధం నుంచి జ్వరంతో ఇల్లు చేరిన యువకుడు కోలుకుంటూ పక్షుల్లో, పూలలో, పొలాల్లో దేవుణ్ని కనుక్కుంటాడు. చాలా అందంగా తీశారు, కానీ విషయం తలకిందులైంది. తొమాసో ద చెలానో 1228-29లో రాసిన మొదటి జీవితచరిత్ర చూడండి. జబ్బు తగ్గి, కర్ర ఊతంతో ఇంట్లో నాలుగడుగులు వేయడం మొదలుపెట్టిన ఫ్రాన్సిస్ ఒకరోజు బయటికొచ్చి పొలాలనూ ద్రాక్షతోటలనూ చూస్తాడు. అవేవీ అతనికి సంతోషం కలిగించవు! ఇక 1226లో చనిపోయేముందు ఫ్రాన్సిస్ చెప్పి రాయించిన మరణశాసనంలో (టెస్టమెంట్) ఆయనే మొట్టమొదట చెప్పింది కుష్ఠురోగుల సంగతి. వాళ్లను చూడటమే చేదుగా ఉండేదనీ, ప్రభువే తనను వాళ్ల మధ్యకు నడిపించాడనీ, వాళ్లపై కనికరం చూపాక ఆ చేదే తీపి అయిందనీ అంటారు.

వెలుగుబాట:
లోపలి మార్పును తెర మీద కంటికి కనిపించేలా చూపాలి కదండీ. పైగా సూర్యచంద్రులను అన్నా, చెల్లీ అని పిలిచిన గీతం ఫ్రాన్సిస్‌దే. దర్శకుడు కల్పించింది కాదు.

పాతప్రతి:
గీతం ఆయనదే, కాలం వేరు. అది 1225 ప్రాంతంలో, కళ్లజబ్బుతో వెలుతురే భరించలేని స్థితిలో పుట్టింది. అంటే మారిన ఇరవై ఏళ్లకు. పండును తెచ్చి విత్తనం స్థానంలో పెట్టారు.

కాలరేఖ:
వరసలో ఇంకో పెద్ద తేడా ఉంది. 1202లో అస్సీసికీ పక్క నగరం పెరూజాకీ మధ్య కొలెస్త్రాదా యుద్ధం, పెరూజాలో ఏడాదిపాటు చెర, తర్వాత జబ్బు. ఇంత జరిగాక కూడా 1205లో దక్షిణ ఇటలీలోని అపూలియా యుద్ధానికి మళ్లీ బయల్దేరి స్పొలేతో నుంచి వెనక్కి తిరిగాడు. ఆ రెండో ప్రయాణాన్ని తీసేయడంతో సినిమాలో జ్వరమే అంతా చేసినట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాత అస్సీసి దగ్గరి సాన్ దమియానో గుడి (చర్చి) బాగుచేయించడానికి ఫొలీన్యో ఊళ్లో బట్టల వ్యాపారి అయిన తండ్రి బట్టలు, గుర్రం అమ్మాడు. ఆ గుడి గురువు (ఫాదర్) ఆ డబ్బు తీసుకోనన్నాడు. తండ్రి ఫిర్యాదు ఆ డబ్బు కోసమే. 1206లో అస్సీసి పీఠాధిపతి (బిషప్) గ్విదో ముందు డబ్బుతో పాటు ఒంటి మీది బట్టలూ తిరిగిచ్చాడు. సినిమాలో తండ్రి బట్టలను కిటికీలోంచి వీధిలోకి విసిరేస్తాడు, గుడి పని ఊరు విడిచాక మొదలవుతుంది. దాంతో గుడికీ తగాదాకీ ఉన్న ముడి తెగిపోయి, కొడుకును అర్థం చేసుకోలేని తండ్రి కథగా మిగిలింది.

వెలుగుబాట:
వరస గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ అద్దకం పనివాళ్ల దగ్గరికి ఫ్రాన్సిస్ వెళ్లే ఘట్టాన్ని తక్కువ చేయకండి. తండ్రి సంపద ఎవరి ఒంటిచాకిరీతో వచ్చిందో అతను కళ్లారా చూస్తాడు. మరణశాసనంలో లేకపోయినా, అతను బట్టలు విడవడానికి సినిమా చూపే బలమైన కారణం అదే. కుష్ఠురోగిని కౌగిలించుకోవడాన్ని తెర మీద చూపితే నాటకీయం అయిపోయే ప్రమాదమూ ఉంది.

పాతప్రతి:
కాలేదండీ. ఇటలీ దర్శకుడు రొస్సెల్లీనీ 1950లోనే తన ఫ్రాన్సిస్ సినిమాలో ఆ దృశ్యం తీశారు. రాత్రి, గంట చప్పుడు, రోగి దాటిపోతాడు. ఫ్రాన్సిస్ వెంట వెళ్లి కౌగిలించుకుంటాడు, రోగి తన దారిన పోతాడు, ఇతను నేల మీద పడి ఏడుస్తాడు. ఫ్రాన్సిస్ పాత్ర వేసింది ఆయన స్థాపించిన సభకే చెందిన నిజమైన ఫ్రాన్సిస్కన్ సహోదరుడు. అయితే అది మఠజీవితంలోకి వచ్చాక జరిగే సంఘటన, మార్పు ఘట్టం కాదు.

కాలరేఖ:
విచారణ గుడుల్లో (పారిష్ చర్చిల్లో) ఈ సినిమాను యువతకు చూపేవాళ్లు ముందు మరణశాసనంలోని మొదటి మూడు వాక్యాలు చదివించండి. జెఫిరెల్లి సినిమాను పీఠాధిపతి ఘట్టం దాకా నడిపి ఆపండి. అక్కడ రొస్సెల్లీనీ దృశ్యం వేసి, ‘ఇతను దేన్ని వదిలాడు, ఎవరి దగ్గరికి వెళ్లాడు’ అని అడగండి. మొదటి సగానికి జవాబు జెఫిరెల్లిలో దొరుకుతుంది. రెండోదానికి దొరకదు.