88 డీబీ స్పీకర్లకు పదిహేను వేలలో ఏ యాంప్ తీసుకోవాలి?

గుంటూరు_మిర్చి:
అందరికీ నమస్కారం. వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1 స్పీకర్ల జత సెకండ్ హ్యాండ్‌లో మంచి రేటుకి దొరికితే తీసుకున్నాను. ఇన్నాళ్లూ వాటిని పాత ఏవీ రిసీవర్ నడిపేది. అది పోయింది, మెకానిక్ కూడా చేతులెత్తేశాడు. ఇప్పుడు స్టీరియోకి మాత్రమే యాంప్ (యాంప్లిఫైయర్) కావాలి. బడ్జెట్ పదిహేను వేలు, మరీ తప్పదంటే ఇంకో రెండు. హాలు 12 × 14 అడుగులు, అపార్ట్‌మెంట్. ఎక్కువగా పాత సినిమా పాటలు, కచేరీలు వింటాం. ఆదివారం టీవీలో సినిమా. షాపులో అడిగితే "300 ప్లస్ 300 వాట్స్‌ది తీసుకోండి సార్, తక్కువ వాట్స్ పెడితే స్పీకర్లు కాలిపోతాయి" అన్నాడు. నిజమేనా? ఉత్త పవర్ యాంప్ కొనాలా, వాల్యూమ్ నాబ్ ఉన్నది కొనాలా?

కోఠి_సోల్డరింగ్:
అన్నా, ఆ 300 సంగతి ముందు పక్కన పెట్టు. నీ స్పీకర్ 88 డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత). అంటే ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 88 డీబీ సౌండ్ వస్తుంది. నువ్వు సోఫాలో మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే దూరానికి సుమారు తొమ్మిదిన్నర డీబీ పోతుంది, స్పీకర్లు రెండు కాబట్టి మూడు కలుస్తుంది. గోడలకు తగిలి తిరిగొచ్చే సౌండ్ వదిలేసినా, ఒక్కో స్పీకర్‌కి ఒక్క వాట్‌తో నీ చెవి దగ్గర 81, 82 డీబీ. అపార్ట్‌మెంట్‌లో అదే గట్టిగా వినడం.

అక్కడి నుంచి ప్రతి 3 డీబీకి వాట్లు రెట్టింపు చేసుకుంటూ పో. 2, 4, 8, 16, 32. మృదంగం దెబ్బ లాంటివి సగటు సౌండ్ కంటే పది పదిహేను డీబీ పైకి లేస్తాయి, ఈ వాట్లన్నీ దానికోసమే. 32 వాట్లకి 96 దాటుతుంది. అంటే 30 నుంచి 50 నిజమైన వాట్లు ఉంటే నీకు ధారాళం. 50 బదులు 100 కొన్నా పెరిగేది మూడే మూడు డీబీ, కాస్త పెరిగిందనిపిస్తుంది అంతే. సౌండ్ రెండింతలైనట్టు చెవికి తెలియాలంటే పది డీబీ, అంటే పది రెట్లు పవర్ కావాలి.

మైక్‌సెట్_బుజ్జి:
ఆయ్, మాది తాడేపల్లిగూడెం దగ్గరండి, మైక్ సెట్లు అద్దెకిస్తాం. గుడి దగ్గర వాడే అహూజా యాంప్లిఫైయర్ ఇంట్లో పెట్టుకోవచ్చా అని నెలకొకరైనా అడుగుతారు. పెట్టుకోకండి. వాటిలో చాలా మటుకు మోనో. వెనక 100 వోల్ట్ లైన్ అని ఒక టెర్మినల్ ఉంటుంది, అది హారన్లకి దూరంగా వైర్ లాగడానికి. తెలియక ఇంటి స్పీకర్ దానికి తగిలిస్తే వాయిస్ కాయిల్ (లోపలి తీగచుట్ట) అక్కడికక్కడే పోతుంది.

డీజే వాళ్లు వాడే పవర్ యాంపులు స్టీరియోవే, దమ్ము కూడా బాగానే ఉంటుంది. కానీ చాలావాటిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. పెళ్లి పందిట్లో ఎవడికీ వినపడదు గానీ మీ హాల్లో రాత్రి పదింటికి వేణువు పెట్టుకుంటే ఫ్యానే ముందు వినపడుతుంది. పైగా ఉత్త పవర్ యాంప్‌కి ముందు ప్రీయాంప్ (వాల్యూమ్ కంట్రోల్ ఉండే డబ్బా) గానీ, వాల్యూమ్ ఉన్న డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని ఆడియోగా మార్చే డబ్బా) గానీ ఉండాలి. ఆ డబ్బు కూడా కలుపుకోండి. మీకు నాబ్ ఉన్నదే నయం.

గుంటూరు_మిర్చి:
బుజ్జి గారూ, థాంక్సండి. ఫ్యాను సంగతి నాకు తట్టనే లేదు. తక్కువ వాట్స్‌కి ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) కాలిపోతుందన్న మాట మాత్రం ఇంకో ఇద్దరు కూడా చెప్పారు. అదే టెన్షన్.

కోఠి_సోల్డరింగ్:
అందులో సగం నిజం ఉంది. చిన్న యాంప్‌ని దాని శక్తికి మించి తిప్పితే వేవ్ తలలు తెగిపోతాయి, అదే క్లిప్పింగ్. పెద్ద శబ్దాలు అక్కడే ఆగిపోతాయి, చిన్నవి మాత్రం పెరుగుతూనే ఉంటాయి. దాంతో ట్వీటర్‌కి వెళ్లే సగటు పవర్ పెరిగి అది వేడెక్కుతుంది. కానీ అంతదాకా వెళ్లకముందే పాట బరబరా పగిలినట్టు వినపడుతుంది. అప్పుడు నాబ్ తగ్గిస్తే సరిపోతుంది. ట్వీటర్లు పోయేది బర్త్‌డే పార్టీల్లో, వాల్యూమ్ ఫుల్, ట్రెబుల్ ఫుల్ పెట్టి ఎవరూ పట్టించుకోనప్పుడు.

విశాఖ_వినికిడి:
నేను టీపీఏ3255 చిప్ ఉన్న చిన్న క్లాస్ డీ (పెద్దగా వేడెక్కని స్విచింగ్ రకం) యాంప్ వాడుతున్నాను. ఫోసీ వీ3, ఐయిమా ఏ07 లాంటివి ఈ చిప్‌వే. అరచేతి కంటే కాస్త పెద్దది, ఫ్యాను లేదు, గంటలు నడిచినా గోరువెచ్చగా ఉంటుంది. మీ బడ్జెట్‌కి దగ్గర్లోనే దొరుకుతాయి.

అయితే డబ్బా మీద వాట్స్ చూడకండి, అడాప్టర్ మీద రాసింది చూడండి. "300 వాట్స్ × 2" అని ప్రకటన, డబ్బాలో వచ్చేది 32 వోల్ట్, 5 ఆంపియర్ అడాప్టర్. 32 × 5 = 160. గోడ నుంచి వచ్చేదే మొత్తం 160 వాట్లయితే ఆరువందలు ఎక్కడి నుంచి పుడతాయి?

ఇలాంటి యాంపులకి ఒక లెక్క ఉంది. వోల్టేజిని వోల్టేజితో హెచ్చించి, స్పీకర్ ఓమ్స్‌కి రెట్టింపుతో భాగించండి. 32 × 32 = 1024. 8 ఓమ్స్‌కి రెట్టింపు 16, దాంతో భాగిస్తే 64. అంటే 8 ఓమ్స్ స్పీకర్‌కి పాట పగలకుండా వచ్చేది మహా అయితే అరవై వాట్లు. అంతకంటే తక్కువ రేటులో దొరికే టీపీఏ3116 బోర్డులకి 24 వోల్ట్ పెడితే 36. పాత ల్యాప్‌టాప్ 19 వోల్ట్ అడాప్టర్‌తో 22. కొందరు 12 వోల్ట్ అడాప్టర్ ఇచ్చి "100 వాట్స్" అంటారు, దానికి వచ్చేది 9 వాట్లు! ఆ తొమ్మిదితోనే చాలామంది సంతోషంగా పాటలు వింటున్నారనేది వేరే సంగతి.

రాగం_తానం:
క్లాస్ డీ మీద అందరూ ఇలా ఎగబడటం నాకంత నచ్చదు. ఆ చవక బోర్డుల్లో చాలావాటికి చివర ఉండే కాయిల్, కెపాసిటర్ ఫిల్టర్ ఫీడ్‌బ్యాక్ (యాంప్ తన అవుట్‌పుట్‌ని తానే సరిచూసుకునే ఏర్పాటు) బయట ఉంటుంది. దాంతో తగిలించిన స్పీకర్‌ని బట్టి ట్రెబుల్ మారిపోతుంది. ఒకరింట్లో వయొలిన్ బాగా పలికిన యాంపే ఇంకొకరింట్లో చెవిలో గుచ్చుతుంది. రివ్యూల్లో ఒకరు ఆహా అంటే ఇంకొకరు ఛీ అనడానికి ఇదో కారణం.

నేనైతే ఆ డబ్బుకి పాత క్లాస్ ఏబీ (స్విచింగ్ కాని సంప్రదాయ రకం) ఇంటిగ్రేటెడ్, అంటే ప్రీయాంప్, పవర్ యాంప్ ఒకే డబ్బాలో ఉన్నది, వెతుకుతాను. యమహా, డెనాన్, మరాంట్జ్, నాడ్ ఏదైనా సరే. నాడ్ 3020 వచ్చింది 1978లో, కాగితం మీద 20 వాట్లే. ఆ ఇరవైతోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. మా బెంగళూరు ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల, మీ హైదరాబాద్‌లో ఓపిగ్గా తిరిగితే దొరుకుతాయి.

కొనేటప్పుడు మల్టీమీటర్ జేబులో పెట్టుకుని వెళ్లండి. పాట ఆపి, స్పీకర్ తీసేసి, టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజి చూడండి. పది, ఇరవై మిల్లీవోల్టులు ఉంటే బేఫికర్. యాభై దాటితే బేరం ఆపి ఆలోచించండి. వోల్టుల్లో చూపిస్తే అది మీ వూఫర్‌ని (బేస్ పలికే పెద్ద స్పీకర్‌ని) మింగేస్తుంది. తర్వాత వాల్యూమ్ నాబ్ నెమ్మదిగా తిప్పండి. కరకరమంటే భయపడక్కర్లేదు, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలావరకు పోతుంది. ఒక పక్క స్పీకర్ అప్పుడప్పుడూ మాయమై, వాల్యూమ్ పెంచగానే తిరిగొస్తుంటే లోపల రిలే (స్పీకర్‌ని కలిపే స్విచ్) అరిగినట్టు. అదీ బాగవుతుంది గానీ రేటు తగ్గించి అడగండి.

విశాఖ_వినికిడి:
ఫిల్టర్ మాట ఒప్పుకుంటాను సార్. కానీ కొన్ని కొత్త మోడల్స్‌లో ఫీడ్‌బ్యాక్‌ని ఫిల్టర్ తర్వాత నుంచి తీసుకుంటున్నారు, వాటిలో ఈ గొడవ బాగా తగ్గింది. నలభై ఏళ్ల నాటి యాంప్‌లో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే కొన్న రేటుకి సమానంగా రిపేరు బిల్లు అవుతుంది కదా?

రాగం_తానం:
అవుతుంది. అందుకే నలభై ఏళ్లది కాదు, పది పదిహేనేళ్ల లోపుది చూడమంటాను. ఎంత పాతదైతే అంత గొప్ప అనుకునేవాళ్లతో నాకూ పేచీనే.

కోఠి_సోల్డరింగ్:
అసెంబుల్డ్ గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేనే చెప్తాను. మా హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో రెడీ బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు, క్యాబినెట్లు అన్నీ దొరుకుతాయి. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, 5200, 1943 ట్రాన్సిస్టర్ల బోర్డు కడితే 8 ఓమ్స్‌కి యాభై వాట్లు దర్జాగా వస్తాయి. కానీ రెండు జాగ్రత్తలు. ఆ ట్రాన్సిస్టర్లలో నకిలీవి కుప్పలు తెప్పలు. ట్రాన్స్‌ఫార్మర్ కాపర్‌దా అల్యూమినియందా అని గట్టిగా అడగాలి. అల్యూమినియందైతే అదే సైజులో వేడి ఎక్కువ, లోడ్ పడగానే వోల్టేజి పడిపోతుంది. సోల్డరింగ్ సరదా ఉంటేనే ఈ దారి. మంచి ట్రాన్స్‌ఫార్మర్, హీట్ సింక్, క్యాబినెట్, స్పీకర్ ప్రొటెక్షన్ అన్నీ కలిపితే రెడీమేడ్ కంటే మిగిలేది ఏమీ ఉండదు. నాకు మిగిలేది సరదా ఒక్కటే.

న్యూజెర్సీ_బాబాయ్:
మా మేనల్లుడికి ఇక్కడి నుంచి యాంప్ పట్టుకెళ్లాను కాబట్టి ఒక మాట. అమెరికాలో కరెంటు 120 వోల్టులు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ ఇక్కడ కొని అక్కడ 230లో పెడితే ఫ్యూజ్ పోతే అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఖర్మ. స్టెప్ డౌన్ కొనొచ్చు గానీ అది బరువు, కొన్ని గుయ్‌మని శబ్దం కూడా చేస్తాయి. జపాన్ నుంచి వచ్చిన పాత సెట్లయితే ఇంకా జాగ్రత్త, అక్కడ 100 వోల్టులే. వెనక స్టిక్కర్ చదవకుండా ప్లగ్ పెట్టొద్దు. విడిగా అడాప్టర్ వచ్చే చిన్న యాంపులకి ఈ బాధ లేదు, చాలావాటి మీద 100-240 అని ఉంటుంది. సూట్‌కేసులో వస్తున్నాయని అందరూ వాటినే అడుగుతున్నారు.

గుంటూరు_మిర్చి:
అందరికీ ధన్యవాదాలు. విజయవాడలో ఒకాయన దగ్గర పాత యమహా ఇంటిగ్రేటెడ్ ఉందన్నారు గానీ మీటర్ పెట్టి చూస్తానంటే ఒప్పుకోలేదు. అక్కడితో వదిలేశాను. 32 వోల్ట్ అడాప్టర్‌తో వచ్చే 3255 యాంప్ ఆర్డర్ పెడుతున్నాను, నచ్చకపోతే వెనక్కి ఇచ్చే వీలున్న చోట. 48 వోల్ట్ అడాప్టర్‌కి ఎక్కువ డబ్బు అడుగుతున్నారు, మీ లెక్క ప్రకారం నాకు అది అక్కర్లేదు. ఇక టీవీ ఒక్కటే మిగిలింది. దానికి ఎరుపు, తెలుపు పిన్నులు లేవు, ఆప్టికల్ ఉంది.

విశాఖ_వినికిడి:
ఆప్టికల్ ఉంటే ఇంకేం. ఆప్టికల్ నుంచి ఆర్‌సీఏకి (ఆ ఎరుపు, తెలుపు పిన్నులకి) మార్చే చిన్న డాక్ డబ్బా ఒకటి తెచ్చుకోండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎం (మామూలు స్టీరియో సిగ్నల్) అని పెట్టండి, లేకపోతే కొన్ని సినిమాలకి సౌండే రాదు. టీవీ రిమోట్‌తో వాల్యూమ్ మారకపోవచ్చు, అప్పుడు యాంప్ నాబే దిక్కు.

ఆప్టికల్‌తో ఇంకో లాభం ఉంది. అందులో వెళ్లేది వెలుగు, కరెంటు కాదు. సెట్ టాప్ బాక్స్ కేబుల్ ద్వారా వచ్చే ఎర్త్ లూప్ హమ్, ఆ 50 హెర్ట్జ్ గుంయ్ శబ్దం, యాంప్ దాకా రాదు. కంప్యూటర్‌ని నేరుగా ఆర్‌సీఏతో కలిపినప్పుడు మాత్రం హమ్ రావచ్చు. వస్తే ముందు రెండింటినీ ఒకే స్పైక్ బస్టర్‌లో పెట్టి చూడండి. ఎర్త్ పిన్ విరగ్గొట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

మైక్‌సెట్_బుజ్జి:
వైర్ కోసం వేలు తగలెయ్యకండి బాబూ. మూడు నాలుగు మీటర్లకి మంచి కంపెనీ 1.5 ఎస్క్యూ ఎంఎం కాపర్ హౌస్ వైరు చాలు. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి సరిగ్గా పెట్టండి. ఒక స్పీకర్‌కి తారుమారైతే బేస్ పలచబడిపోతుంది, గొంతు మధ్యలో నిలబడదు. అప్పుడు యాంప్ బాగోలేదని తిరిగి పంపించేస్తారు!