రేసు ముందు రోజు నుంచే వణుకు.. పెద్ద రన్నర్లకూ ఇంతేనా?

మెట్టుగూడ_మంజు:

నాకు 34 ఏళ్లు. పరుగు మొదలుపెట్టి రెండేళ్లయింది. ఆదివారాలు నెక్లెస్ రోడ్డులో ఒక్కదాన్నే 18, 20 కిలోమీటర్లు హాయిగా లాగించేస్తాను. బిబ్ (రేసు నంబరు చీటీ) తగిలించుకున్నానంటే మాత్రం వేరే మనిషిని.

పోయిన ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) పరిగెత్తాను. ముందు రాత్రి పదింటికే పడుకున్నా గడియారంలో పన్నెండున్నర, ఒంటిగంటా ముప్పావు, మూడు అన్నీ చూశాను. వంకరగా ఉందని బిబ్ పిన్నీసులు మూడుసార్లు తీసి పెట్టాను. పీపుల్స్ ప్లాజాలో టాయిలెట్ క్యూలో నిలబడటం, బయటికి రావడం, మళ్లీ పోయి నిలబడటం. స్టార్టు దగ్గర వాచీ చూసుకుంటే గుండె 131 కొట్టుకుంటోంది. ఇంకా ఒక్క అడుగు కూడా వెయ్యలేదు! మొదటి కిలోమీటరు 5:08లో పోయింది, పోవాల్సింది 5:55లో. జూబ్లీహిల్స్ ఎత్తులు ఎక్కేసరికి కాళ్లు మొద్దుబారిపోయాయి. నడుస్తూ, పరిగెడుతూ 2 గంటల 24 నిమిషాల్లో గచ్చిబౌలి చేరాను. "ఒక్కదానివే ఉన్నప్పుడు ఇంతకంటే బాగా పరిగెడతావు కదా?" అన్నాడు మా ఆయన. నిజమే, అందుకే ఇంకా మండింది.

ఈమధ్య అమెరికా మారథాన్ రన్నర్ మాలీ సైడెల్ గురించి చదివాను. ఆందోళన, ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వెంటాడే జబ్బు) ఉన్నాయని తనే చెప్పుకుంది. అలాంటి మనిషికి ఒలింపిక్ పతకం ఎలా వచ్చింది? ఈ టెన్షన్ పోగొట్టుకునే కిటుకు ఏమైనా ఉందా?

అట్లాంటా_రవి:

మంజు గారూ, సైడెల్ పేరెత్తారు కాబట్టి ఆగలేక రాస్తున్నాను. 2020 ఫిబ్రవరి 29న అట్లాంటాలో అమెరికా ఒలింపిక్ మారథాన్ ట్రయల్స్ (జట్టును ఎంచే రేసు) జరిగిన రోజు నేను పీచ్‌ట్రీ వీధి పక్కనే నిలబడి ఉన్నాను. ఎండ ఉంది కానీ ఈదురుగాలికి చేతులు జేబుల్లోంచి తియ్యబుద్ధి కాలేదు. దారంతా ఎత్తుపల్లాలు. ఆరేసి మైళ్ల చుట్లు మూడు, ఆ పైన ఎనిమిది మైళ్లకు పైగా ఆఖరి చుట్టు. అందుకే ఒక్కచోట నిలబడినా వాళ్లు మళ్లీ మళ్లీ కనిపిస్తారు.

సైడెల్‌కు అదే మొదటి మారథాన్. ఏదో హాఫ్ మారథాన్ టైముతో అర్హత తెచ్చుకుని, బోస్టన్‌లో కాఫీ షాపులో పని చేస్తూ, వేరేవాళ్ల పిల్లల్ని చూసుకుంటూ శిక్షణ తీసుకున్న అమ్మాయి. మొదట్లో తను ముందుకు దూకలేదు, గుంపులోనే దాక్కుంది. ఒక చుట్టులో అయితే నాకు కనిపించనే లేదు, వెనకబడిపోయిందేమో అనుకున్నాను. చివర్లో అలిఫిన్ తులియముక్ అనే మరో రన్నర్‌తో కలిసి గుంపును వదిలి ముందుకు పోయింది. తులియముక్ 2:27:23, ఈమె 2:27:31. గెలిచినామె గీత దాటి అక్కడే ఆగి ఈమెను కావలించుకుంది.

తర్వాతి ఏడాది టోక్యో ఒలింపిక్స్, మారథాన్ మాత్రం సప్పోరోలో. ఎండ భయంతో ఒలింపిక్ మారథాన్‌ను ఉదయం 7 నుంచి 6కు జరిపారు. ఆ మాట రన్నర్లకు ముందు రోజు సాయంత్రం చెప్పారు! మీకూ నాకూ అలా చెబితే ఏమవుతామో ఊహించండి. ఆ వేడికి అప్పటి ప్రపంచ చాంపియన్ రూత్ చెప్‌న్‌గెటిచ్ కూడా మధ్యలో ఆగిపోయింది. సైడెల్ 2:27:46తో మూడోది. మారథాన్‌లో అమెరికా ఆడవాళ్లకు 1984లో జోన్ బెనాయిట్, 2004లో డీనా కాస్టర్ తర్వాత వచ్చిన పతకం అదే. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్‌లో 2:24:42తో నాలుగోది.

మరి అప్పటితో భయం పోయిందా అంటే, అలా తను చెప్పినట్టు నేనెక్కడా చదవలేదు. నాకు అర్థమైంది ఒక్కటే. భయం పోలేదు కానీ మొదటి పది కిలోమీటర్లు ఆ భయం చేతికి పగ్గాలు ఇవ్వలేదు. మీ 5:08 చూస్తే పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలిసిపోతోంది. ఏమీ అనుకోకండి.

లెక్చరర్_పద్మజ:

రవి గారు బాగా రాశారు. ఒక్క చిన్న సవరణ. ఓసీడీని రేసు ముందు కంగారుతో కలిపేయకండి. అది జబ్బు, చికిత్స ఉంటుంది. సైడెల్ కాలేజీ రోజుల తర్వాత తినే విషయంలో వచ్చిన ఇబ్బందికి కూడా చికిత్స తీసుకుంది. మంజుది, రాసిందాన్ని బట్టి, మామూలు పరీక్ష భయం లాంటిదే.

దానికి ఒక ప్రయోగం గుర్తొచ్చింది. 2014లో హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ కొందరిని పాట పాడమంది. పాడబోయే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవాళ్లు "కంగారుగా ఉంది" అన్నవాళ్ల కంటే బాగా పాడారు. రెండింటికీ గుండె ఒకేలా కొట్టుకుంటుంది, మనం పెట్టే పేరే వేరు. నేనూ మొదటి క్లాసు రోజు వాడి చూశాను, కొంత పనిచేసింది. "కంగారు పడకు" అని ఎవరైనా అంటే మాత్రం నాకు ఇంకా ఎక్కువవుతుంది.

సూరిబాబు_విశాఖ:

అమ్మాయ్, నాకు 58. ఇరవై రేసులు చేశాను, ఇప్పటికీ ఆర్కే బీచ్‌లో స్టార్టు ముందు కడుపులో తిప్పుతుంది. అది నాతోనే పోతుంది.

ముందు రాత్రి నిద్ర పట్టకపోతే పోనీ, అంతకు ముందు రాత్రి బాగా పడుకో. బిబ్ సాయంత్రమే పెట్టేసి టీ షర్టు బీరువాలో పడెయ్, మళ్లీ తియ్యకు. కొత్త తిండి వద్దు. స్టార్టులో నీ టైము వాళ్లకంటే బాగా వెనక నిలబడు. ఇరుకులో నువ్వు పరిగెడదామన్నా పరిగెత్తలేవు. మూడు కిలోమీటర్ల దాకా ఎవర్నీ దాటకు. నన్ను ముసలాడని ఎగతాళి చేసేవాళ్లందర్నీ నేను పదిహేనో కిలోమీటరు దగ్గర కలుస్తాను.

ఇంకోటి, స్టార్టులో వాచీలో గుండె చూడ్డం మానెయ్. చూసినకొద్దీ పెరుగుతుంది.

మెట్టుగూడ_మంజు:

అందరికీ థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, మధ్యలో ఒక 10కె (పది కిలోమీటర్ల రేసు) అయింది. ముందు రాత్రి నిద్ర షరా మామూలే, టాయిలెట్ క్యూ కూడా. బీరువా తాళం మా ఆయనకు ఇచ్చేశాను. వెనక నిలబడ్డాను, నా ముందు స్కూలు పిల్లలు ఓ యాభై మంది. మొదటి కిలోమీటరు 6:20, తిట్టుకుంటూ పోయాను. పద్మజ గారు చెప్పిన మాట పైకి అనబోతే పక్కనున్న అంకుల్ తనతో అనుకుని "నాక్కూడానమ్మా" అన్నారు. నవ్వొచ్చేసింది. ఆరో కిలోమీటరు నుంచి దాటడం మొదలుపెట్టి 56:40కి ముగించాను, ఆఖరి కిలోమీటరు 5:11.

సూరిబాబు గారూ, వాచీ మాత్రం చూశాను. 126.