బయాలజీకి యాక్టివ్ లెర్నింగ్ మెటీరియల్ తయారు చేస్తున్నా, ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి

కోనసీమ_బోటనీ:

అందరికీ నమస్కారమండి. అమలాపురం దగ్గర ఓ డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తున్నా, తొమ్మిదేళ్లయింది. ఫస్టియర్‌లో 60 మంది పైనే ఉంటారు, బెంచీలు నేలకి బిగించేసినవి, పీరియడ్ 50 నిమిషాలు. ఇన్నాళ్లూ బోర్డు మీద బొమ్మేసి నోట్స్ చెప్పడమే. పోయినేడు ఇంటర్నల్ పేపర్లు దిద్దుతుంటే ఒకమ్మాయి కిరణజన్య సంయోగక్రియ సమీకరణం పొల్లు పోకుండా రాసింది, దాని కిందే చెట్టుకి అంత బరువు ఎక్కణ్ణుంచి వస్తుంది అనడిగితే "మట్టిలోంచి, ఎరువులోంచి" అని రాసిందండి. ఆ అమ్మాయొక్కతే కాదు, కట్టలో సగం మంది అదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే ఈ ఏడు పిల్లలే ఆలోచించి, మాట్లాడుకుని నేర్చుకునే యాక్టివ్ లెర్నింగ్‌కి మార్చాలని నెట్‌లోంచి వర్క్‌షీట్లు దించి ఆరుగురేసి గ్రూపులు చేశా. ఓక్ చెట్లు, మంచు ప్రాంతం కుందేళ్లు, మా పిల్లలు ఎప్పుడూ చూడనివి. గ్రూపులో ఒకళ్లు రాయడం, ఐదుగురు చూడడం. నాలుగో రోజుకి "మేడమ్ ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పండి చాలు" అనేశారు. సిలబస్ అవ్వదని పైవాళ్ల గోల సరేసరి. నాకు వదలాలని లేదండి. సొంతంగా మెటీరియల్ చేసుకోవాలంటే ముందు ఏం చెయ్యాలి? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి ప్లీజ్.

భీమవరం_జువాలజీ:

మేడమ్ మీరు మొదలెట్టాల్సిన చోటు మీ పోస్టులోనే ఉందండి. "మట్టిలోంచి" అని రాశారు చూడండి, అదే మీ మెటీరియల్. యాక్టివిటీ ఏం పెట్టాలా అని ముందు ఆలోచిస్తే ఆటలాగే మిగిలిపోద్ది, మన పిల్లలు నిజంగా నమ్ముతున్న తప్పు ఏంటో ముందు పోగేసుకోవాలి. నేను వారం రోజులు క్లాసు చివర ఐదు నిమిషాలు ఒక్కటే ప్రశ్న ఇచ్చి చీటీ మీద పేరు లేకుండా రాయించా. ఆ చీటీల్లోంచే ఆప్షన్లు చేసుకున్నా, వాళ్ల మాటల్లోనే. మనం గదిలో కూర్చుని ఊహించి రాసిన తప్పు ఆప్షన్ ఎవడూ పెట్టడు, వాడు నమ్మేదైతే ధైర్యంగా చెయ్యెత్తుతాడు, అక్కణ్ణుంచి వాదన పుడుతుంది.

మా దగ్గర సగం మంది ఇళ్లల్లో రొయ్యల చెరువులే కదండి. నేనడిగింది ఇది: "మీ నాన్నగారు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రుళ్లు ఎందుకు ఎక్కువ తిప్పుతారు? చెరువు నీళ్లు పచ్చగా చిక్కగా ఉంటే ఆక్సిజన్ ఎక్కువుండాలి కదా, మరి తెల్లారుజామునే రొయ్యలు ఎందుకు పైకి తేలతాయి?" ముప్పావు వంతు మంది "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ చేస్తాయి" అన్నారు. రాత్రి చింతచెట్టు కింద పడుకోకూడదని ఇంట్లో పెద్దోళ్లు చెప్పిన మాట దీంట్లో కలిసిపోయింది. అప్పుడు ఒక కుర్రాడు లేచి, వాళ్ల నాన్నతో పాటు రాత్రి చెరువు గట్టు మీద పడుకునేవాడు, "సార్ మబ్బు పట్టిన రోజు పగలు కూడా తిప్పుతాం, మరి పగలు శ్వాసక్రియ లేకపోతే పగలు ఆక్సిజన్ ఎలా తగ్గుద్ది?" అన్నాడు. క్లాసంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం. నేను చెప్పాల్సింది వాడే చెప్పేశాడు: శ్వాసక్రియ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, పగలు ఆక్సిజన్ తయారీ దాన్ని దాటేస్తుంది కాబట్టి కనపడదు, రాత్రి తయారీ ఆగిపోయి ఖర్చు మాత్రం మిగులుద్ది, అందుకే సూర్యోదయానికి ముందు అట్టడుగుకి పడిపోద్ది. తర్వాత వారం ఇద్దరు పిల్లలు చెరువు దగ్గర డీవో కిట్టుతో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) మూడు గంటలకోసారి చదివి గ్రాఫ్ తెచ్చారు. ఆ గ్రాఫే ఇప్పుడు మా నోట్స్‌లో ఉంది.

గోదారి_మాస్టారు:

అమ్మా, నేను రిటైరయ్యి ఆరేళ్లయింది, రాజమండ్రిలో ఉంటా. ఆరుగురు గ్రూపు వద్దమ్మా. బిగించిన బెంచీల మీద పక్కపక్కన ఇద్దరు చాలు. ముందు ఎవరికి వాళ్లు ఒక నిమిషం రాసుకోవాలి, తర్వాత పక్కవాళ్లకి చెప్పాలి, తర్వాతే అందరితో. అమెరికాలో ఫ్రాంక్ లైమన్ 1981లో ఈ పద్ధతికి థింక్-పెయిర్-షేర్ అని పేరు పెట్టాడు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఫిజిక్స్‌లో చేసింది కూడా దీనికి దగ్గరే, ముందు ఓటు వేయించి, మాట్లాడుకోనిచ్చి, మళ్లీ ఓటు. మొదటి ఓటులో సరైనది 30 నుంచి 70 శాతం మధ్య వస్తే మాట్లాడుకోనివ్వు. అంతకంటే తక్కువొస్తే వాళ్ల దగ్గర వాదించుకోడానికి సరుకు లేదు, నువ్వే కొంచెం చెప్పాలి. 70 దాటితే ముందుకెళ్లిపో. ఓటుకి యాప్‌లూ గీప్‌లూ అక్కర్లేదు, గుండె దగ్గర వేళ్లు చూపిస్తే సరిపోతుంది, వెనకవాడికి కనపడవు.

నీ మట్టి ప్రశ్నకి పాతకాలం శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ ప్రయోగం తీసుకో. 5 పౌండ్ల విల్లో మొక్క తొట్టిలో పెట్టి అయిదేళ్లు వాననీళ్లే పోశాడు, చెట్టు 169 పౌండ్లు దాటింది, ఎండబెట్టిన మట్టి 2 ఔన్సులే తగ్గింది. ఈ అంకెల్లో మట్టిది మాత్రం దాచిపెట్టి, ఎంత తగ్గుంటుందో ముందు పిల్లల చేత రాయించు. ఆయన నీళ్లే చెట్టయ్యాయి అనుకున్నాడు, 1648లో అచ్చయింది. అది సగమే నిజం, చెట్టు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ కూడా తీసుకుంటుందని ఆయనకి తెలీదు. పిల్లలు ఆయన తప్పు పట్టుకుంటారు చూడు, ఆ ఆనందం వేరు.

పులసని కూడా వదలకు. సముద్రంలో విలస, వరద నీళ్లకి గోదారి ఎక్కితే పులస, ఎదురీదుకుంటూ వచ్చినా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోవాల్సిందే. ఉప్పునీళ్లలో చేప నీళ్లు తాగుతూ మొప్పల్లోంచి ఉప్పు బయటికి తోస్తుంది, మంచినీళ్లలో ఆ పనంతా తిరగబడుతుంది. ఓస్మోసిస్‌కి (పొరలోంచి నీళ్లు ఉప్పెక్కువున్న వైపుకి పోవడం) బంగాళదుంప ముక్క కంటే ఇది మనవాళ్లకి బాగా ఎక్కుతుంది.

తణుకు_లెక్చరర్:

సిలబస్ గోల నాకూ ఉందండి. పైవాళ్లతో మాట్లాడేటప్పుడు 2014లో ఫ్రీమన్ వాళ్లు వేసిన పేపర్ చూపించండి, సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల మీద 225 స్టడీలు కలిపి చూస్తే వట్టి లెక్చర్ క్లాసుల్లో ఫెయిలయ్యేవాళ్లు సగటున 33.8 శాతం, యాక్టివ్ క్లాసుల్లో 21.8 శాతం. పిల్లల కంప్లైంటుకి ఇంకోటి. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనే చూశారు, యాక్టివ్ క్లాసు పిల్లలు టెస్టులో ఎక్కువ తెచ్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నాం అనుకున్నారు. కష్టపడితే రాలేదనిపిస్తుంది, అంతే. నేను మొదటి రోజే ఇది పిల్లలకి చెప్పేస్తా, సణుగుడు చాలా తగ్గింది. ప్రతి పీరియడూ చెయ్యకండి, యూనిట్‌కి రెండు గట్టి ప్రశ్నలు చాలు.

నరసాపురం_ఎమ్మెస్సీ:

నేను స్టూడెంట్‌నండి, ఒకటి చెప్పొచ్చా. మా సార్ ఒకసారి "వరి మునిగిపోతే పైకి సాగితే బతుకుద్దా, సాగకుండా ఆగితే బతుకుద్దా" అనడిగారు. అందరం సాగాలనే అన్నాం, ఊపిరి కోసం పైకి రావాలి కదా అని. తర్వాత రెండు ట్రేలు పెట్టించారు, ఒకదాంట్లో మన మారుటేరు స్వర్ణ, ఇంకోదాంట్లో ముంపుని తట్టుకునే సబ్1 జన్యువు పెట్టిన స్వర్ణ, రెండూ పన్నెండు రోజులు నీళ్లలో ముంచేశాం. మామూలు స్వర్ణ నీళ్లలో సన్నగా సాగిపోయింది, నీళ్లు తీసేశాక పడిపోయి కుళ్లిపోయింది. సబ్1 పొట్టిగా ఉన్నదున్నట్టే ఉండి వారానికి కొత్తాకు వేసింది. సాగడానికే దాచుకున్న పిండిపదార్థం అయిపోద్దని నేను ఈ జన్మలో మర్చిపోను. మా ఊళ్లో తుఫానొచ్చినప్పుడల్లా ముంపు చేలు చూసేదాన్ని, దాని వెనక ఇంత ఉందని తెలీదు.

కోనసీమ_బోటనీ:

అందరికీ పేరుపేరునా థాంక్సండి. మూడు వారాలయ్యింది, చేసింది చెప్తా. అంబాజీపేట నుంచి మొలకొచ్చిన కొబ్బరికాయలు పది తెప్పించా. క్లాసులో ఒకటి పగలగొట్టి లోపల స్పాంజిలా ఉన్న తెల్ల బంతి, మనం కొబ్బరి పువ్వు అని తింటాం కదా, అది పిల్లలకి అందించి ఇదేంటి అనడిగా. చీటీల్లో మాస్టారు చెప్పినట్టే విడివిడిగా రాయించా. నీళ్లు గడ్డకట్టాయని కొందరు, కొబ్బరే ఉబ్బిందని కొందరు, వేరని కొందరు. అప్పుడు బంతి చివర కోసి చూడమన్నా, మూడు కళ్లలో మెత్తటి కంటి దగ్గరికి సన్న కాడలా వెళ్లి మొలకలో కలిసింది. "మేడమ్ ఇది మొక్కదే" అని వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అరిచింది. అక్కణ్ణుంచి అది బీజదళమని, కొబ్బరినీ నీళ్లనీ పీల్చుకుని మొలకకి పెడుతోందని, ఆ నీళ్లూ కొబ్బరీ రెండూ అంకురచ్ఛదమేనని, అంటే గింజలో మొలక కోసం దాచిన ఆహారమేనని, వాళ్లే లాక్కొచ్చారు. పీరియడ్ బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదండి.

వెళ్తూ వెళ్తూ ఒక కుర్రాడు, వాళ్లకి కురిడీ వ్యాపారం, "మేడమ్, మా అటక మీద ఏడాదిగా ఎండిన కురిడీ కాయలోనూ ఆ కన్ను ఉంది, అదీ మొలుస్తుందా" అనడిగాడు. నేను జవాబు చెప్పలేదు. వాళ్లింటి నుంచి నాలుగు కురిడీలు, నాలుగు పచ్చికాయలు తెచ్చి ల్యాబు వెనక ఇసుకలో పాతారు. రోజుకిద్దరు వంతులేసుకుని నీళ్లు పోస్తున్నారు.