‘హెన్‌బ్యోషి’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఆటా పాటా కలిపి వేదికెక్కే జపాన్ ‘ఐడల్’ బృందం బేబీమెటల్ పాడిన ‘టేల్స్ ఆఫ్ ది డెస్టినీస్’ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. 2016 ఏప్రిల్ 1న వచ్చిన ‘మెటల్ రెసిస్టెన్స్’ ఆల్బమ్‌లో చివరి పాటకి ముందు ఉండే పాట ఇది. ప్రోగ్రెసివ్ మెటల్, అంటే హెవీ మెటల్‌లో చిక్కు లెక్కల రకం. చప్పట్లు వేస్తూ విందామంటే కుదరదు, దరువు లెక్క దొరికిందనుకునే లోపే చేజారిపోతుంది. ఇలాంటి లెక్కని జపాన్‌లో ‘హెన్‌బ్యోషి’ అంటారు. ఇంగ్లీషులో ఆడ్ టైమ్ సిగ్నేచర్. నేను ‘బేసి తాళం’ అని రాసుకున్నాను గానీ చదువుతుంటే ఎబ్బెట్టుగా ఉంది. మంచి మాట ఎవరైనా చెప్పండి.

జవాబు:
‘బేసి’ అనేది సంఖ్య వరకు సరైన మాటే అమ్మా. చిక్కు ఎక్కడంటే, ఇంగ్లీషు ‘ఆడ్’లో బేసి సంఖ్యతో పాటు ‘వింతగా ఉన్నది’ అన్న అర్థమూ కలిసి ఉంది. జపనీస్ ‘హెన్’లోనూ అదే ధోరణి: మారినది, మామూలుగా లేనిది. నాలుగు లెక్కకి అలవాటు పడ్డ సంగీతంలో అయిదూ ఏడూ వింతే. మనకి కాదు. ఏడుకి మిశ్రం, అయిదుకి ఖండం, తొమ్మిదికి సంకీర్ణం అని దేని పేరు దానికి ఉన్న భాష మనది. ‘తకిట తకధిమి’ అంటూ మిశ్రచాపు వేసే పిల్లలకి అదేదో విపరీతమని ఏ గురువూ చెప్పరు. ఛందస్సుకి వస్తే వృషభగతి రగడ అచ్చంగా మూడూ నాలుగూ, మూడూ నాలుగూ అని నడుస్తుంది. గురజాడ ముత్యాల సరంలో మొదటి మూడు పాదాలకి పద్నాలుగేసి మాత్రలు, అవీ ఏడేసి చొప్పున విరుగుతాయి. ఆ పద్యాలు బడిపిల్లలు కూడా ఇట్టే పాడేస్తారు.

అంటే మీరు చెప్పిన పాట మొదటినుంచి చివరిదాకా ఏడులోనే ఉండి ఉంటే తెలుగు చెవి హాయిగా సర్దుకునేది. ఈ పాట కష్టపెట్టేది ఏడు వల్లా అయిదు వల్లా కాదు, ఒకచోట నిలవకపోవడం వల్ల. గిటార్లూ డ్రమ్సూ ఒక లెక్కలో పరుగెత్తుతూ ఉండగానే ఇంకో లెక్క వచ్చి పడుతుంది. మధ్యలో పియానో వస్తుంది, అక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. పేరు పెట్టాల్సింది ఆ మారడానికి. దానికి మన సంగీతంలో మాట సిద్ధంగా ఉంది: తాళమాలిక. రాగాలు మారితే రాగమాలిక, తాళాలు మారితే తాళమాలిక. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు 108 రాగతాళమాలికే కట్టారు. కొత్త మాట పుట్టించే పని లేదు.

తేడా ఒకటి ఉంది, అది కూడా వ్యాసంలో రాయండి. మన తాళమాలికలో ఒక్కో తాళంలో కాసేపు నిలుస్తారు, విన్నవాళ్లకి అది మనసులో కుదురుకుంటుంది. ఇక్కడ ఆ వ్యవధి ఇవ్వరు. అందుకే ‘క్షణానికో తాళం మారే తాళమాలిక’ అంటే చదివేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

వ్యాఖ్య:
గతిభేదం అంటే సరిపోదా మాస్టారూ? నడక మారడమే కదా.

జవాబు:
మామూలు మాటల్లో ‘నడక మారింది’ అంటే ఎవరికైనా తెలుస్తుంది, తప్పేమీ లేదు. శాస్త్రం మాటగా మాత్రం గతిభేదం వేరు. తని ఆవర్తనంలో, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే చోట, నాలుగు లెక్క చతురశ్రం నుంచి మూడు లెక్క తిశ్రానికి వెళ్లినప్పుడు తాళం వేసే చెయ్యి మారదు. ఆదితాళం ఆదితాళంగానే ఉంటుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఇమిడే అక్షరాల సంఖ్య మారుతుంది. ఈ రకం మెటల్‌లో జరిగేది ఎక్కువగా దానికి తలకిందులు. చిన్న దెబ్బ వేగం అలాగే ఉంటుంది, ఎన్ని దెబ్బలకి ఒక గుంపు అన్నది మారుతుంది. వేలితో బల్ల మీద ఒకే వేగంతో కొడుతూ పైకి చదవండి: 1234, 123, 12345, 123. ఇది ఆ పాట లెక్క కాదు, ఊరికే నమూనా. ఒకటి దగ్గర గట్టిగా కొట్టండి. వేలి వేగం మారకుండానే పాట కుంటుతున్నట్టు, మళ్లీ ఉరుకుతున్నట్టు ఉంటుంది. అదీ సంగతి.

వాయించేవాళ్ల సంగతి సరే, దీని మీద ఆడుతూ పాడటం ఇంకా పెద్ద పని. 2016 సెప్టెంబరులో టోక్యో డోమ్ స్టేడియంలో ఈ పాట పాడినప్పుడు బృందంలోని సు-మెటల్‌కి 18 ఏళ్లు, యుయిమెటల్, మోఆమెటల్‌లకి 17. నృత్యం కూర్చేది మికికో. జపాన్‌లో ఐడల్ అంటే చిన్న వయసులోనే పాటా ఆటా కలిపి శిక్షణ పొందే కళాకారిణి లేదా కళాకారుడు. ఈ ముగ్గురూ ‘సకురా గకుయిన్’ అనే ఐడల్ బృందంలోంచి వచ్చినవాళ్లు, 2010లో అందులో ఒక చిన్న విభాగంగా మొదలైంది బేబీమెటల్. అలాంటి లెక్కని నోటితోనూ కాళ్లతోనూ ఒకేసారి పట్టుకోవాలంటే ఎంత సాధన కావాలో కూచిపూడి నేర్చుకున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఐడల్ అనగానే తేలిగ్గా తీసేసేవాళ్లు ఈ పాట వినాలని నా గట్టి అభిప్రాయం.

వ్యాఖ్య:
చిన్న సందేహం సార్. నేను జపనీస్ నేర్చుకుంటున్నాను. నిఘంటువులో తాళానికి ‘హ్యోషి’ అని ఉంది. ‘బ్యోషి’ ఎక్కడినుంచి వచ్చింది?

జవాబు:
మంచి ప్రశ్న వేశావు బాబూ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. మన గసడదవాదేశం లాంటిదే వాళ్లకీ ఉంది, ‘రెందకు’ అంటారు. రెండు మాటలు కలిసినప్పుడు రెండో మాట మొదటి పరుషం సరళమవుతుంది: క గ అవుతుంది, త ద అవుతుంది. అన్ని సమాసాల్లోనూ జరగదు, జరిగేవి మాత్రం బోలెడు. హన అంటే పువ్వు, హి అంటే నిప్పు, కలిస్తే హనబి, బాణసంచా. అలాగే హెన్, హ్యోషి కలిసి హెన్‌బ్యోషి.

‘హ’కి జోడీ ‘బ’ ఏమిటి అనిపిస్తుంది. వాళ్ల ‘హ’ ఒకప్పుడు ‘ప’. కన్నడం తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు: మన పాలు వాళ్ల హాలు, మన పులి వాళ్ల హులి, పల్లె హళ్ళి. జపనీస్‌లో ‘ప’ పోయి ‘హ’ అయినా పాత జోడీ ‘బ’ అలాగే మిగిలింది. లిపిలో ‘హె’ పక్కన రెండు చిన్న గీతలు పెడితే ‘బె’. ఇప్పుడు బృందం పేరు చూడు. హెవీ మెటల్‌ని జపాన్‌లో ‘హెబీ మెతరు’ అంటారు. ఆ రెండు గీతలు చేరిస్తే ‘బెబీ మెతరు’. పేరులోని శ్లేష అంతా ఆ గీతల్లోనే ఉంది. ఇంగ్లీషులో ‘హెవీ’, ‘బేబీ’ అని చదివితే ఇంత దగ్గరగా వినిపించవు.

వ్యాఖ్య:
అయితే ఈ బాణీకి తెలుగు మాటలు కూర్చవచ్చా మాస్టారూ? వాళ్ల అక్షరాల లెక్కా మన మాత్రల లెక్కా కలుస్తాయా?

జవాబు:
చాలావరకు కలుస్తాయి, అదే నాకు ఎంతో ఇష్టమైన విషయం. వాళ్లు లెక్కపెట్టేది అక్షరాన్ని కాదు, మన మాత్ర లాంటి ‘హకు’ని. దీర్ఘానికి రెండు, ద్విత్వం ముందు ఆగే క్షణానికి ఒకటి, పొల్లు ‘న్’కి ఒకటి. నిప్పోన్: ని, ప్, పొ, న్, మొత్తం నాలుగు. మన గురులఘువులు వేసినా రెండు గురువులు, నాలుగు మాత్రలే. హెన్‌బ్యోషికి గురువు గురువు లఘువు, అంటే త గణం, అయిదు మాత్రలు. వాళ్లకీ అయిదే. టోక్యో డోము ఇక్కడా ఏడు, అక్కడా ఏడు.

ఎక్కడ తేడా వస్తుందంటే, దీర్ఘం మీద పొల్లు వచ్చిన చోట. ‘టోన్’ మనకి ఒక గురువు, రెండు మాత్రలతో సరి. వాళ్లకి తొ, ఒ, న్, మూడు. ఇంగ్లీషు మాటలు వాళ్ల నోట సాగడానికీ ఇలాంటి కారణమే. ‘డెస్టినీస్’ని వాళ్ల లిపిలో రాస్తే దె, సు, తి, ని, ఇ, జు అని ఆరవుతుంది. కాబట్టి మాటలు కూర్చేటప్పుడు దీర్ఘం మీద పొల్లు వచ్చే ఇంగ్లీషు మాటలు వీలైనంత తగ్గించుకోండి. అచ్చ తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, వాటితో ఈ పేచీ రాదు. పియానో వచ్చే చోటు పట్టుకుని మొదలుపెట్టండి, రాసింది ఇక్కడ పెట్టండి, కలిసి దిద్దుకుందాం.