అరకు హోమ్‌స్టేల సైట్: ఏ ఇంటికి ఎన్ని ఎంక్వైరీలు వెళ్తున్నాయో తెలిసేదెలా?

కాఫీతోట:
అరకు, వంజంగి, లంబసింగి వైపు హోమ్‌స్టేలు, లోకల్ గైడ్లు, కాఫీ అమ్మే రైతులు అంతా ఒకే సైట్‌లో ఉన్నారు. మొత్తం 30 పేజీలు. సైట్‌కి ఎవరు వచ్చారో, ఏం నొక్కారో లెక్కపెట్టే గూగుల్ ఎనలిటిక్స్ 4 పెట్టాం. కానీ సగానికి పైగా జనం 'డైరెక్ట్' (ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివాళ్లు) కిందే పడుతున్నారు. బుకింగ్ మాటలన్నీ వాట్సాప్‌లోనో ఫోన్లోనో నడుస్తాయి కాబట్టి ఆ తర్వాత ఏమైందో సైట్‌లో కనపడదు. "మా పేజీ ఎంతమంది చూశారండీ, ఎవరూ ఫోన్ చెయ్యట్లేదేంటి" అని ఇంటివాళ్లు అడిగితే చెప్పడానికి లెక్క లేదు. నవంబరు సీజన్‌లోపు సరిచేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోస్తనీ:
విజిట్ల లెక్క కాసేపు పక్కన పెట్టండి. మీ సైట్‌కి అసలు పంట వాట్సాప్ బటన్, ఫోన్ బటన్. ముందు ఆ రెండూ లెక్కలోకి రావాలి.

ఎనలిటిక్స్ తనంతట తాను బయటి సైట్లకి వెళ్లే క్లిక్కులు పట్టుకుంటుంది. వాట్సాప్ లింక్ అందులో పడుతుంది గానీ మిగతా బయటి లింకులతో కలిసిపోతుంది. ఫోన్ నంబరు లింక్ అసలు పడదు. అందుకని గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో (సైట్‌లో ఏం జరిగితే ఎనలిటిక్స్‌కి కబురు పంపాలో చెప్పే టూల్) 'జస్ట్ లింక్స్' రకం ట్రిగ్గర్లు, అంటే కబురు పంపే షరతులు, రెండు చేయండి: ఒకటి వాట్సాప్ అడ్రసుకి, ఒకటి 'టెల్'తో మొదలయ్యే లింకుకి. 'ఆల్ ఎలిమెంట్స్' వద్దు. బటన్ లోపలి బొమ్మ మీద వేలు పడితే లింక్ అడ్రసు ఖాళీగా వస్తుంది, క్లిక్ పోతుంది.

ఈవెంట్‌తో (ఎనలిటిక్స్‌కి వెళ్లే ఒక్కో క్లిక్ కబురు) పాటు ఆ ఇంటికి మీరు పెట్టుకున్న కోడ్ కూడా పారామీటర్‌గా, అంటే అదనపు వివరంగా, పంపండి. దాన్ని ఎనలిటిక్స్‌లో ఈవెంట్ స్కోప్‌తో (ఒక్కో క్లిక్కుకి వర్తించేలా) కస్టమ్ డైమెన్షన్‌గా, అంటే రిపోర్టులో విడిగా చూసే అంశంగా, నమోదు చేయాలి. నమోదు చేసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది, పాత రోజులకి రాదు. కాబట్టి ఈ ఒక్క పనీ ఇవాళే చేయండి. తర్వాత ఈవెంట్‌ని 'కీ ఈవెంట్'గా (మీకు ముఖ్యమైన పనిగా) గుర్తించండి. లెక్కించే పద్ధతి 'సెషన్‌కి ఒకసారి' అని పెట్టకండి. ఒకే మనిషి మూడిళ్లకి మెసేజ్ పెడితే మీకు మూడూ కావాలి.

ట్యాగ్ మేనేజర్ ప్రివ్యూలో (పరీక్షించే చోట) అంతా బాగుండి రిపోర్టులో ఏమీ రాకపోతే, మార్పులు సైట్‌లోకి పంపే 'సబ్మిట్' నొక్కారో లేదో చూసుకోండి. నొక్కినా మామూలు రిపోర్టుల్లోకి రావడానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు.

లెక్కలపుస్తకం:
'డైరెక్ట్' సంగతి. వాట్సాప్ యాప్‌లో షేర్ చేసిన లింక్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు, అందుకే అంతా ఆ ఖాతాలో పడుతుంది. ప్రతి ఇంటివాళ్లకీ సోర్స్‌లో వాళ్ల కోడ్, మీడియంలో వాట్సాప్ అని రాసిన యూటీఎం లింక్ (ఎక్కడి నుంచి వచ్చారో చివర రాసి ఉండే లింక్) ఒకటి చేసి ఇవ్వండి. బోర్డు మీది క్యూఆర్‌కి వేరే లింక్. ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ చిన్నవే వాడండి. పెద్దక్షరం ఒక్కటి పడినా వేరే వరుసగా చూపిస్తుంది. సైట్ లోపలి లింకులకి మాత్రం యూటీఎం తగిలించొద్దు, మనిషి మొదట ఎక్కడి నుంచి వచ్చాడన్న లెక్క చెడిపోతుంది.

క్లిక్ అంటే బుకింగ్ కాదు. వాట్సాప్ లింకులోనే "హోమ్‌స్టే నంబరు 7 గురించి" అని మెసేజ్ ముందే రాసిపెట్టండి. ఇంటివాళ్లు తేదీ, మనుషుల సంఖ్య, ఖాయమైందా లేదా అన్న మూడు ముక్కలు గూగుల్ షీట్‌లో రాస్తే చాలు. వారానికోసారి క్లిక్కులతో సరిపోల్చండి. క్లిక్కులున్నాయి, మెసేజీల్లేవంటే ముందు లింకులోని నంబరు చూడండి. దేశం కోడ్ 91 లేకపోతే చాట్ తెరుచుకోదు.

కాఫీతోట:
చాలా థాంక్స్ అండీ. మా టీమ్, ఇంటివాళ్లు రోజూ సైట్ తెరిచి చూస్తుంటారు. ఆ విజిట్లని లెక్కలోంచి తీసేయడం ఎలా? అందరివీ మొబైల్ డేటాలే.

గోస్తనీ:
మొబైల్ డేటాలో ఐపీ (ఇంటర్నెట్‌లో ఫోన్ అడ్రసు నంబరు) మారుతూ ఉంటుంది, ఐపీ ఫిల్టర్ పనికిరాదు. ఒక ప్రత్యేకమైన అడ్రసు తెరిస్తే ఫోన్లో కుకీ (బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు) పడేలా చేసి, ఆ కుకీ ఉంటే ట్యాగులు (ఎనలిటిక్స్‌కి కబురు పంపే ముక్కలు) పనిచేయకుండా ట్యాగ్ మేనేజర్‌లో ఎక్సెప్షన్ పెట్టండి. ఐఫోన్ సఫారీ అలాంటి కుకీని 7 రోజులకి చెరిపేస్తుంది, వాళ్లు వారంవారం ఆ అడ్రసు మళ్లీ తెరవాలి.

లెక్కలపుస్తకం:
ఇంకొకటి. ఎనలిటిక్స్‌లో డేటా రిటెన్షన్ (వివరాలు దాచి ఉంచే గడువు) మామూలుగా 2 నెలలే ఉంటుంది, 14 నెలలకి మార్చండి. లేకపోతే వచ్చే ఏడు నవంబరులో 'ఎక్స్‌ప్లోర్' (సొంతంగా రిపోర్టులు చేసుకునే చోటు) తెరిచి ఈ సీజన్‌తో పోల్చుకోలేరు. ఎనలిటిక్స్ ప్రాపర్టీ (అందులో మీ సైట్ ఖాతా) టైమ్ జోన్ భారత్‌దేనా చూడండి, కాకపోతే శనివారం రాత్రి ఎంక్వైరీలు వేరే రోజులో పడతాయి. ఊళ్ల వారీ రిపోర్టుని పెద్దగా నమ్మకండి, మొబైల్ ఐపీతో విశాఖ మనిషి హైదరాబాదులో కనిపించొచ్చు.